తిరుపాలు ఐపీ పెట్టిన సంగతి

తిరుపాలని ఒకడుండేవోడు. పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ గుండిగలూ బకెట్లూ షామియానాలూ అద్దెకిచ్చేవోడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో బంతి లేచినా ఆయన గుండిగలో ఉడికిన అన్నమే అనుకో. అట్టాంటోడికి, తుఫానుకి కొట్టం కూలి షామియానా గుడ్డలన్నీ కుళ్ళిపోయినయ్యంట. కొత్తయ్యి కొనడానికి అప్పు చేశాడు, దాని వడ్డీకి ఇంకో అప్పు, ఆ వడ్డీకి మళ్ళీ ఇంకోటి. ఇంక ఏమైందంటే, పొద్దున్నే పళ్ళు తోముకోడానికి బయటికొస్తే అరుగు మీద అప్పులోళ్ళు కూర్చోనుండేవోళ్ళంట. ఊరంతా ఒకటే అనుమానం, వీడు ఐపీ పెడతాడని. ఐపీ అంటే తెలుసుగా, నేను కట్టలేను మహాప్రభో అని కోర్టులో దివాలా అర్జీ పెట్టుకోడం. ఇంక చూస్కో, ఆయన పెళ్ళాం చెంచమ్మ కొత్త చీర కట్టినా అనుమానమే, పాత చీర కట్టినా అనుమానమే. బర్రెని మేతకి తోలుకుపోతుంటే "ఏం చెంచమ్మా, అమ్మేస్తన్నారా ఏంది?" అని వెనకే వచ్చేవోళ్ళంట.

ఊరికి వీళ్ళ మీద అనుమానమైతే, చెంచమ్మకి మొగుడి మీద అనుమానం. ఎందుకంటే ఆమె తమ్ముడు మాలకొండయ్య పక్కూర్నించి రోజూ వచ్చి గొడ్లచావిట్లో బావతో గుసగుసలు. ఈమె పోతే మాట ఆపేస్తారు. ఒకరోజు పేడతట్టతో గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఏందిరా మీ రహస్యాలు అని నిలదీసిందంట. "ఏం లేదక్కా, బావని ఐపీ పెట్టమంటన్నా. ముందు సామాను మా ఊరికి తోలేద్దాం. కోర్టోళ్ళొచ్చి చూస్తే నాలుగు గరిటెలుంటయ్యి. గొడవ సద్దుమణిగినాక మీయి మీకే." మరి పిచ్చమ్మవ్వ డబ్బులో, అనడిగింది. ఆ ముసల్ది తన చావు ఖర్చుకని దాచుకున్న డబ్బులు వీళ్ళకిచ్చింది లే. "ముసల్ది ఇంకెన్నాళ్ళుంటదక్కా" అన్నాడంట వాడు. విన్నారా మాట! చెంచమ్మకి చేపముల్లు మింగినట్టయింది. కానీ చెప్పేది తోడబుట్టినోడాయె, తలూపేది కట్టుకున్నోడాయె. పట్టపగలే గడ్డి ట్రాక్టర్లో గడ్డి కింద మంచి సామానంతా పెట్టి పంపేశారు.

కొన్నాళ్ళకి తమ్ముడి ఊళ్ళో పెళ్ళయితే చెంచమ్మ పోయిందంట. బంతిలో కూర్చుంది. సాంబారు పోసేవోడు వంగాడు, బకెట్టు అంచు మీద ఆమె చూపు పడ్డది. సామానుకి పేరు కొట్టిస్తాం కదా మనం, తిరుపాలు పేరుండాల్సిన చోట సుత్తితో చదును చేసి, దాని పక్కన తళతళా మాలకొండయ్య పేరు కొట్టి ఉందంట! బంతి మధ్యలో లేవకూడదంటారు గానీ ఆమె లేచింది. "ఒరే కొండయ్యా, ఇట్రారా. నాయి నాకే ఇస్తానంటివే, మరి నీ పేరెందుకు కొట్టించావురా?" వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. అది కాదక్కా, కోర్టోళ్ళు పేరు చూస్తే పట్టుకుంటారనీ... "మరి ఈ పెళ్ళికి తీసుకున్న అద్దె? అది కూడా కోర్టోళ్ళకి భయపడే తీసుకున్నావా?" పెళ్ళోళ్ళంతా గొల్లున నవ్వారంట. ఎంగిలి చెయ్యైనా కడుక్కోకుండా పోయి పొయ్యిల కాడ కూర్చుందమ్మా, ఖాళీ అయిన గుండిగని అయినట్టే, మసితోనే, ట్రాక్టరెక్కించింది.

ఇంటికొచ్చి మొగుడితో అందీ, "దాస్తే నా తమ్ముడు తింటాడు. ఇట్టాగే ఈడుస్తా కూర్చుంటే అరుగు మీద అరిచేవోళ్ళు తింటారు, పిచ్చమ్మవ్వలాంటి నోరులేనోళ్ళకి చిప్ప. పెడితే ఐపీ పెట్టు. గరిటెతో సహా చూపించి పెట్టు, ఎవరి వాటా వాళ్ళకి కోర్టే పంచుద్ది." ఊళ్ళో తలెత్తుకోలేమే, అన్నాడంట ఆయన. "ఇప్పుడేమన్నా ఎత్తుకొని తిరుగుతన్నావా?" మరి ఏం తిని బతకాలే? "ఎవరి గుండిగలోనైనా కూలికి వండుదాం. వంట వచ్చుగా మనకి."

పెట్టాడయ్యా. కోర్టు తరపు మనిషి వచ్చిన రోజు చెంచమ్మ మొత్తం తెచ్చి బజార్లో పరిచింది. గుండిగలు, బకెట్లు, కర్రలు, తాళ్ళు, ఆఖరికి తన కాళ్ళ కడియాలు కూడా తీసి పెట్టిందంట. ఊరోళ్ళు చూశారు. చూసి ఏమనుకున్నారంటావు? "బయటే ఇన్ని పెట్టిందంటే, లోపల ఇంకెన్ని దాచిందో!" తర్వాత కోర్టోళ్ళు అన్నీ అమ్మి పంచితే, పిచ్చమ్మవ్వకీ ఆమె వాటా కొంచెం వచ్చింది. పైట చెంగున ముడేసుకొని అవ్వ నేరుగా చెంచమ్మ కాడికొచ్చి, చెవిలో అడిగిందంట, "మిగతాయి యాడ పెట్టావే? నాకొక్కదానికి చెప్పు, ఎవరికీ చెప్పన్లే."

అవ్వనేం అనబాకండి. మా ఊళ్ళో అంతకుముందు ఐపీ పెట్టినోళ్ళంతా మేడలు కట్టారు మరి. నిజంగా పోగొట్టుకొని ఐపీ పెట్టినోళ్ళు ఎట్టా ఉంటారో పాపం అవ్వకేం తెలుసు, ఎన్నడన్నా చూస్తే గదా!