మా కోడలి కేకలు కొనుక్కుపోయారు

"అమ్మమ్మగారూ, చంటాణ్ణి వదిలి బయటికి పనికెళ్ళలేనండి. ఇంట్లో ఉండే నాలుగు డబ్బులు సంపాదించుకునే దారేమన్నా ఉంటే చెప్పండి."

దారులకేం తల్లీ, బోలెడు. ఇట్టా వచ్చి కూర్చో. ఆ మెట్టు మీద ఎండొస్తంది, ఇటు జరుగు. మా కోడలు ఉంది చూడు, అది అరిచి సంపాదిస్తంది. నవ్వబాక. నిజం చెప్తున్నా.

కంటి ఆపరేషనని మా అమ్మాయి నన్ను ఈ తెనాలి తీసుకొచ్చింది గానీ, మా ఇల్లు పిట్టలవానిపాలెం దగ్గర. అక్కడ మా అబ్బాయి ప్రభుదాసు, కోడలు కృప, ఇద్దరు చిన్నపిల్లలు. కృప పరాయిది కాదు, రేపల్లెలో మా అన్న కూతురే. మేనరికం. చిన్నప్పట్నుంచీ బావని పేరెట్టి పిలిచేది, పెళ్ళయ్యాకా అదే అలవాటు. మావాడు బాపట్లలో రైసుమిల్లులో చేస్తాడు. మంచోడే, మాట తక్కువ. కాకపోతే స్నానం చేసొచ్చి తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. వాళ్ళ నాన్నా అంతే. ఆయనైతే తడి తువ్వాలు పడేసి దాని మీదే పడుకునేవాడు... సరే, పోయినాయన సంగతి ఇప్పుడెందుకులే.

పిల్లలు చిన్నోళ్ళు, నాకేమో మోకాళ్ళు. కృప ఇల్లు కదలటానికి లేదు. మా రోజుల్లో నేను కోళ్ళు పెంచాను. గుడ్డు పావలా... కాదు కాదు, పావలా మా అత్త అమ్మినప్పుడు. నేను అమ్మింది అర్ధరూపాయికి. ఇది కోళ్ళొద్దంది. జాకెట్లు కుట్టింది. మా చర్చి అయ్యగారి భార్య జాకెట్టుకి రెండూ ఎడమచేతులే కుట్టింది. ఆవిడ మంచిది కాబట్టి ఒక ఆదివారం తొడుక్కుని కూడా వచ్చింది పాపం, పాట పుస్తకం తెరవలేకపోయింది. తర్వాత ట్యూషన్ పెట్టింది. దాని గొంతు నువ్వు వినలా. అది ఎక్కాలు చెప్తా ఉంటే మా వీధి పిల్లలు భయపడి మానేశారు, పక్క వీధి పిల్లలు ఇంట్లో కూర్చునే నేర్చేసుకున్నారు. ఇంక ఫీజు ఎవడు కడతాడు?

మా ఇంటెనకే సుబ్బారావుగారి చేను. వరి కంకి పాలుపోసుకునే రోజుల్లో పిట్టలు మబ్బులాగా దిగుతాయి. వాటిని తోలటానికని ఆయన ఉల్లిపాయల బండాయన దగ్గర పాత బ్యాటరీ మైకు కొన్నాడు. దాన్లో ఉన్న ఉల్లిపాయల కేక మార్చటం ఈయనకి చేతకాలా. పొద్దస్తమానం "రండమ్మా రండి, రండి బాబూ రండి" అని చేలో మోగుతా ఉంటే, పిట్టలు రాక ఏం చేస్తాయి చెప్పు? పక్క చేలో ఉన్నవి కూడా ఇటే వచ్చినియ్యి.

ఒకరోజు పొద్దున మావాడు మళ్ళీ తువ్వాలు పడేశాడు. కృప అందుకుంది. "ప్రభుదాసూ! మంచమా, దండెమా ఇది! ఎన్నిసార్లు చెప్పాలి నీకు! లే అక్కణ్ణుంచి! లేస్తావా లేదా!" అంతే. చేలో పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, కాలవ దాటి పోయినియ్యి. గట్టు మీద గేదె కూడా లేచి నుంచుంది.

సాయంత్రం సుబ్బారావుగారు వచ్చాడు. చెప్పులు బయట విప్పి, పెద్దమనిషి తరహాగా కూర్చుని, "అమ్మా కృపా, ఏమీ అనుకోబాక. రేపు మీ ఆయన్ని తిట్టేది ఉందా?" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?" అంది ఇది.

"ఉంటే కొంచెం ముందు కబురు చెయ్యమ్మా. వచ్చి రికార్డు చేసుకుంటాను."

నేను కంగారుగా దాని వంక చూశా, ఈయన్ని ఏమంటదో అని. అది ఆయన్ని ఎగాదిగా చూసి, "ఊరికేనా?" అంది.

"ఊరికేంటమ్మా, పంట రాగానే బస్తా బియ్యం పంపిస్తా!"

మర్నాడు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మావాడు బుద్ధిగా తువ్వాలు మంచం మీద పెట్టి పక్కన నుంచున్నాడు. చూడు, ఫోన్ ఎదురుగా పెట్టేసరికి దీనికి సిగ్గొచ్చింది. జుట్టు సర్దుకుని, "ఏవండీ, ఆ తువ్వాలు కొంచెం దండెం మీద ఆరేస్తారాండీ?" అంది. పెళ్ళయిన కాణ్ణుంచీ అంత మర్యాద నేనెరగను. సుబ్బారావుగారు నీరుగారిపోయాడు. అప్పుడు మావాడు, పాపం సాయం చేద్దామని, ఆలోచించి ఆలోచించి, దాని చర్చి పట్టుచీర కొంగు తీసి పిల్లదాని ముక్కు తుడిచాడు. అది ముందు అనుకున్నది కాదు. అప్పుడొచ్చింది తల్లీ గొంతు! సుబ్బారావుగారు ఫోన్ వదిలేసి గుమ్మం అవతలికి పోయాడు.

ఎవరో కుర్రాడి చేత ఆ కేక కార్డులోకెక్కించి మైకులో పెట్టించాడు. ఆ చేలో మళ్ళీ పిట్ట వాలితే ఒట్టు. ఇంక ఆ మాట పాకింది. బాపట్ల రోడ్డు పొడుగునా ఇదే మోత. రైతులు బియ్యం తెచ్చేవాళ్ళు, కొందరు ఫోన్లోనే డబ్బులేసేవాళ్ళు. కొల్లూరు నించి ఏటి లంకల్లో అరటితోట ఆయన వచ్చాడు. ఆయనకి కోతుల బాధ. కోతులకి తువ్వాలు తిట్లు పనిచెయ్యలా. కృప నా దగ్గరకొచ్చి, "అత్తా, నీ మీద రెండు ముక్కలు అనుకోనా? వ్యాపారానికే" అంది. అనుకోవే అన్నాను. రెండు ముక్కలంది, కార్డు నిండిపోయింది. కొల్లూరులో కోతులు ఏట్లో దూకి అవతలి గట్టుకి ఈదుకెళ్ళినియ్యంట. నాకు గొప్పగా అనిపించాలో, బాధపడాలో ఇప్పటికీ తెలీదు.

ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగం చెప్తన్నాడు. చర్చి పక్క చేలో మైకు మోగింది. "ఎంతసేపు? ఇంక చాలించి లే!" అని. అయ్యగారు ఆగి, కిటికీ వైపు చూసి, బైబిలు మూసేసి ప్రార్థన చేసేశాడు. జనం బయటికొచ్చి కృపకి వందనాలు చెప్పారు.

అందరూ నవ్వుకున్నారు గానీ, మావాడి సంగతి ఎవరికీ పట్టలా. మిల్లుకి బండి మీద పోతంటే చేను దాటితే చేను, వాడి పేరే. అలవాటు కొద్దీ బండి ఆపి వెనక్కి తిరిగి చూసేవాడంట. మిల్లులో, "ఏం ప్రభుదాసూ, తువ్వాలు ఆరేశావా?" అని ఒకటే ఎగతాళి. ఒకరోజు దార్లో ఎవరో చిన్నపిల్ల, "అమ్మా, తువ్వాలు మావయ్య!" అని వేలెట్టి చూపించిందంట. ఆ రోజు వాడు అన్నం తినలా.

అప్పట్నుంచీ మంచోడైపోయాడు. తువ్వాలు దండెం మీద. గ్లాసు కడిగి బోర్లిస్తాడు. ఇక్కడేమో పాత తిట్లకి పిట్టలు అలవాటు పడినియ్యి, రైతులు కొత్తవి కావాలంటన్నారు. కృప వాడి వెనకాలే తిరుగుతా, "బావా, ఏదన్నా ఒక్కటి పారెయ్యి బావా" అని బతిమాలేది. వాడు తువ్వాలు ఇంకా నీటుగా ఆరేసేవాడు. ఒక పొద్దున సంచీ సర్దుకుని, "నేను పిట్టలకి కూడా లోకువైపోయాను" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

ఎక్కడికనుకున్నావు? అలిగి పుట్టింటికి పోయాడు. తన పుట్టింటిక్కాదు, తన పుట్టిల్లు మా ఇల్లేగా. దాని పుట్టింటికి! రేపల్లె నించి మా అన్న ఫోన్ చేశాడు. "అల్లుడొచ్చాడే, కోడిని కోశాం. ఎందుకొచ్చాడంటే చెప్పడు, తింటన్నాడు" అని.

కృప ఆ ఫోన్ పెట్టేసి ఏడ్చింది. అది ఏడవగా నేను చూడలా ఎప్పుడూ. "అత్తా, నేను నిజంగా తిట్టినప్పుడు ఆయన ఒక్కనాడూ ఇట్టా నొచ్చుకోలేదు కదా" అంది. పిల్లల్ని వేసుకుని రేపల్లె బస్సెక్కాం. దార్లో ఒక చేలో మళ్ళీ అదే గొంతు. ఇది చెవులు మూసుకుంది.

మావాడు వరండాలో కుర్చీలో కూర్చునున్నాడు. ఇది ఎదురుగా నుంచుని, తప్పయింది బావా అంది, ఇంటికి రా అంది. వాడు నేల చూపులు. ఎంతసేపు బతిమాలినా ఉలకడు. దానికి ఒళ్ళు మండింది. "ఏదో ఒకటి మాట్లాడు ప్రభుదాసూ!" అని అరిచింది.

వాడు లేచాడు తల్లీ. "ఏం మాట్లాడమంటావే! పిట్టకీ కోతికీ నా తువ్వాలు సంగతి కావాలా! మా నాన్న నాకు పేరు పెట్టింది చేలల్లో కట్టటానికా! విరిగిన ఇడ్లీలన్నీ నాకే పెడతావు, ఎప్పుడన్నా అడిగానా! ఎప్పుడన్నా అరిచానా!"

నేను కన్నాను వాణ్ణి, ఆ గొంతు నేనెరగను. మా అన్న కోళ్ళు ఎగిరి రేకుల మీదకెక్కినియ్యి. రోడ్డు మీద పోయే సైకిలాయన దిగిపోయి, అయ్యా నేనేం చెయ్యలేదండీ అన్నాడు. మావాడు తన గొంతు తనే తడుముకుంటన్నాడు.

కృప ఏడుపు మానేసి కోళ్ళ వంక చూసింది, వాడి వంక చూసింది. "ఇంత గొంతు పెట్టుకుని ఎందుకు దాచావు బావా?" అంది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నీ పేరున్న కార్డులన్నీ నేనే తిరిగి తీసుకొస్తా, ఇంకెక్కడా నీ పేరు వినపడదు అంది. వాడు నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, "మరి నేనూ తిట్టొచ్చా?" అన్నాడు. మా అన్న అటు తిరిగి నవ్వుకున్నాడు.

అన్నట్టే ఊరూరూ తిరిగి పాతవన్నీ మార్పించింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి చేస్తారు, పేర్లు లేకుండా. వాడు మిల్లు నించి రాగానే కాఫీ తాగి మొదలుపెడతారు. పెళ్ళయిన కాణ్ణుంచీ కడుపులో దాచుకున్నవన్నీ ఉన్నాయి వాడి దగ్గర, ఇంకా అయిపోలా. పందులు కూడా రావటం లేదంట. పిల్లల బడి ఖర్చు దాంతోనే గడిచిపోతంది.

ఆ మధ్య ఈపురుపాలెం నించి ఒకాయన కొనటానికొచ్చాడు. మా గుమ్మం దాకా వచ్చి, చెవొగ్గి విని, ఈ ఇల్లు కాదని వెనక్కి పోతంటే నేనే పిలిచాను. ఇంట్లో చప్పుడుండదు మరి. ఎప్పుడన్నా నిజంగా కోపమొచ్చిందే అనుకో, ఒకళ్ళు అరవబోతారు, రెండోవాళ్ళు "ఆగాగు, ఫోన్ తెస్తా" అని పరిగెత్తుతారు. తెచ్చేలోగా ఇద్దరికీ నవ్వొచ్చేస్తది. మంచి మంచి కోపాలన్నీ అట్టా పాడైపోతున్నాయని కృప బాధపడతంది...

నువ్వేం చెయ్యాలంటావా? నాకేం తెలుసే పిచ్చిదానా. నీ గొంతు మెత్తన, పిట్టలకి పనికిరాదు. జాకెట్లు కుట్టుకో, అప్పడాలు చేసుకో, ఏదో ఒకటి దేవుడు చూపిస్తాడు. నువ్వూ నీ మొగుడూ పిల్లాడూ చల్లగా ఉండండి. మీ ఇంట్లో కేకలన్నీ అమ్ముకునేవే కావాలి తల్లీ, ఒక్కటి కూడా వాడుకునేది కాకూడదు.