నాలుగో వరుస, ఏడో సమాధి

శ్మశానం ఆఫీసులో బల్ల మీద పాత రిజిస్టరు తెరిచి ఉంది. ఒకవైపు గుమాస్తా, ఎదురుగా ఆ పొద్దున్నే తండ్రి పోయిన కూతురు.

“వాళ్ళమ్మ పక్కనే పెట్టమని అడిగి మరీ పోయాడండీ మా నాన్న. చోటుంది కదా, తవ్వనివ్వడానికి మీకేం నొప్పి?”

“అక్కడున్నది మీ నానమ్మ కాదమ్మా.”

“కళ్ళు కనబడట్లేదా? రాయి మీద ఆవిడ పేరుంది!”

“ఆ రాయి ఎవరు పెట్టించారు?”

“మా నాన్నే. ఆవిడ పోయేనాటికి ఆయనకి ఐదేళ్ళు. పెద్దయ్యాక మీ ఆఫీసువాళ్ళిచ్చిన చీటీ పట్టుకుని వెతుక్కున్నాడు. గేటు నుంచి నాలుగో వరుస, ఏడో సమాధి.”

“ఆ లెక్క పాత గేటు నుంచమ్మా. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని మూసేసి, అటు చివర కొత్తది పెట్టారు. మీ నానమ్మ అదిగో, ఆ గోడ దగ్గరుంది.”

“ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ? చీటీ ఇచ్చినవాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడా?”

“తప్పు మాదేనమ్మా.”

“అంటే సరిపోయిందా? ముప్పై ఏళ్ళు మా నాన్న ఎవరి దగ్గర కూర్చుని ఏడ్చాడు?”

“ఎవరో మగమనిషి. పేరు తెలీదు. ‘ఇతని కోసం ఎవరూ రాలేదు’ అని రాసుంది.”

ఆమె రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ మాట చదివింది.

“మరి ఎక్కడ తవ్వమంటారమ్మా?”

“గోడ దగ్గర, వాళ్ళమ్మ పక్కన. ముందు కలం తీసి ఆ మాట కొట్టెయ్యండి. ఎవరూ రాలేదట! ముప్పై ఏళ్ళు, ప్రతి ఆదివారం, మా నాన్న వచ్చాడు.”