గజేందర్ పైపుకు పొక్కలు పొడిచిన సంగతి

ఫోర్‌మన్ అయినవట గదా అల్లుడా, మీ అమ్మ చెప్పింది. మళ్ల ఖతర్‌కేనట. మంచిదే గని, జర కూసో. నువ్వు పదిమంది మీద పెద్దగ అయినవంటే నాకు గుబులైతుంది. సుధాకరరావు సారు యాదికొచ్చిండు. ఆయన పోయి శానేండ్లాయె.

తొంభై నాలుగో, ఐదో. ఖతర్ల మదీనత్ అల్ షమాల్ కాడ మా సైట్. ఊర్లోల్లు దుబాయ్ పోయిండనేటోల్లు, దుబాయ్ నేను కండ్ల జూడలే, అది వేరే ముచ్చట. మొదలున్న సూపర్వైజర్, పేరెందుకులే, "చెప్పింది చెయ్, దిమాక్ పెట్టకు" అనేటోడు. మేం పెట్టలే. గోడ వంకరున్నట్టు కనవడ్డా, ఆయన యల్లా, జల్ది కానియ్ అంటే సిమెంట్ పూసేటోల్లం. ఆయన జాగల ఈ సుధాకరరావు సారొచ్చిండు, కాకినాడ దిక్కు ఇంజనీరు. పొద్దుగాల అందర్ని నిలవెట్టి, "ఏమండీ, ఈ పని మీరైతే ఎలా చేస్తారు?" అన్నడు. ఎవర్నో ఎల్లగొట్టెటందుకే అడుగుతుండని మా రూమోడు లింబాద్రి నా చెవుల గొణిగిండు. సారు రోజూ అడుగుడే.

ఆఖరికి మా బామ్మర్ది గజేందర్ ఉండవట్టలేకపోయిండు. కొత్త గోడను తడుపుడుకు ఎండల ముగ్గురు బకెట్లు మోస్తరు గదా, పైపుకు ఇనుప మొలతోని పొక్కలు పొడిచి గోడ మీద పెడితే నీళ్లు అవే కారుతయన్నడు. సారు నవ్వి, "చేసి చూడవోయ్, తేడా వస్తే నేనున్నాను" అన్నడు. వాడు పైపు తీస్కపోయి మా క్యాంప్ ట్యాంకుకు తగిలిచ్చిండు. ఊర్ల బాయి లెక్క మళ్ల ఊరుతదనుకున్నడు పిచ్చోడు. గోడ మంచిగ తడిసింది. గని మేం డ్యూటీ దిగి ఒంటికి సబ్బు వెట్టుకుంటే నల్లాల సుక్క లేదు. ట్యాంకరేమో తెల్లారొస్తది. జూన్ నెల! మలబారోల్లు, నేపాలోల్లు అందరు మా మీదికే.

మేనేజర్ వచ్చిండు. "యే కిస్నే కియా?" ఎవడు చేసిండిది అంటుండు. గజేందర్ వచ్చి ఆర్నెల్లు కాలే. వీసా క్యాన్సిల్ చేస్తే వాని బతుకేంగాను? నేను వాని భుజం పట్టుకున్న. అప్పుడు సారు ముందుకొచ్చి, చేయించింది నేనే, ట్యాంకు చూసుకునుడు నా పని అన్నడు. అంతే. వారం తిరగకముందే ఆయన్ని అల్ వుకైర్ కాడ స్టోర్ల సామాను లెక్కవెట్టెటందుకు ఏసిండ్రు. పోయేటప్పుడు కారెక్కుకుంట గజేందర్‌ను పిలిచి ఏమన్నడో ఎరికేనా? "ఆ పైపుకి చిన్న వాల్వు పెట్టుంటే సరిపోయేది కదోయ్!" వాడు ఏడ్సుడు.

కొత్త సూపర్వైజర్ వచ్చి, ఆ పైపును అందరి ముంగట కోపిచ్చిండు. మళ్ల బకెట్లే. ఇగ ఎవ్వడు ఏం చెప్తడు? ఒకరోజు శ్లాబు కింద ఆసరగ నిలవెట్టిన ఇనుప కాలు జరుగుతుంటే గజేందర్ చూసిండట. నాకు తర్వాత చెప్పిండు. "నోటి దాక వచ్చింది బావా, ఆ కొత్తాయన నా దిక్కు చూసిండు, మింగిన" అన్నడు.

శ్లాబు కూలినప్పుడు కింద లింబాద్రి ఉన్నడు.

...చాయ్ సల్లగైతుంది, తాగు. మీ అక్క బిడ్డకు సంబంధం చూస్తుండ్రా?