సౌండు తీసేసిన వీడియో

డ్రైవింగ్ స్కూలు ముందు గది. బల్లకి అటు స్కూలు నడిపే బావమరిది. ఇటు, చేతిలో ఫోనుతో, అతని అక్క మొగుడు. ఆ అక్క పోయినప్పటి నుంచీ లోకంతో సరిపడని మనిషి.

"నీ స్కూలు కారు తోలే ఆ పెద్దావిడకి డ్రైవింగు రాదు. ఈ జన్మకి రాదు. ఇందులో మాట్లాడుకోవడానికేం లేదు."

"కూర్చో బావా. మంచినీళ్లు తాగు."

"నీళ్లు తాగడానికి రాలేదు. ఇవాళ ఆవిడకి లైసెన్సు టెస్టటగా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"బయట కారు కడుగుతున్నవాడు."

"వాడి నోరు పడిపోను."

"ఆ టెస్టు జరగకూడదు. ఆవిణ్ణి నువ్వే ఆపుతావా, ఈ వీడియో తీసుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించమంటావా?"

"వీడియో ఏంటి?"

"నా కారు అద్దానికి కెమెరా పెట్టించాను. ముందు ఏం జరిగినా అందులో పడుతుంది. ఇప్పటిదాకా నలుగురు స్కూటరువాళ్లు, ఒక పాల వ్యాను, రెండు గేదెలు దొరికాయి."

"గేదెల్ని కూడా తిట్టావా?"

"రాంగ్ రూట్లో వస్తే ఎవరైతేనేం? ఇదిగో, చూడు. మలుపు దగ్గర. ఆ తెల్ల కారు నీదే కదా?"

"పసుపు, బావా."

"ఎండకి అలా కనపడుతోంది."

"అక్కడ నీడే ఉంది. ఫోను ముక్కుకి అంటించుకుని చూస్తున్నావు. ఆ కంటి ఆపరేషను..."

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"రెండు కళ్లల్లోనూ శుక్లాలు ముదిరాయన్నాడుగా డాక్టరు?"

"ముదరనీ. ఆపరేషనయ్యాక నెల్లాళ్లు కారు ముట్టుకోకూడదట. మరి నన్నెవరు తిప్పుతారు? నువ్వా? నీ పక్కన కూర్చునే కంటే నడిచి పోవడం నయం. పిల్లలా జెల్లలా నాకు?"

"ఎవరో ఒకరు..."

"ఉన్న ఒక్క మనిషీ పోయింది. వీడియో చూడు."

"చూస్తున్నా. ఆవిడ ఎడమకి తిరుగుతానని ఇండికేటరు వేసింది కదా."

"ఏదీ?"

"అదిగో. టపటపా కొట్టుకుంటోంది."

"నాకు కనపడలేదు."

"వెనకాల అద్దం నిండా ఎర్రక్షరం ఉంది, నేర్చుకుంటున్నారని."

"అదీ కనపడలేదు. కనపడేలా పెట్టుకోవాలి."

"ఇంకెంత పెద్దది పెట్టను బావా, సినిమా పోస్టరంతా? ఆవిడ తిరుగుతుంటే నువ్వే ఎడమ పక్క నుంచి దూరావు. దూరి, ముందు అడ్డంగా ఆపావు."

"ఆపకపోతే బుద్ధెలా వస్తుంది? అద్దం దించి నాలుగు మాటలన్నాను."

"ఏమన్నావు?"

"ఏదో అన్నాలే. ఇంట్లో పప్పు రుబ్బుకోక ఈ వయసులో నీకు కారెందుకే ముసలిదానా అన్నాను. అనకూడదా?"

"నన్నడుగుతావేం?"

"పక్కన నేర్పేవాడొకడు కూర్చున్నాడు. బట్టతల. ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. అలాంటి దద్దమ్మలకి జీతాలిస్తున్నావు నువ్వు."

"ఆ బట్టతల నేనే."

"నువ్వా?"

"నేనే."

"మరి పలకలేదేం?"

"నిన్ను చూడగానే సీట్లోంచి కిందికి జారిపోయాను. అక్క పెళ్లినాటి నుంచీ నీ నోరు నాకు కొత్తా?"

"ఆరడుగుల దూరంలో నువ్వుంటే నేను గుర్తుపట్టలేదా?"

"అదే నేనూ అంటున్నా."

"నువ్వేం అనక్కర్లేదు. ఆవిడెవరో చెప్పు."

"ఎవరో ఒకావిడ."

"పేరుండదా?"

"పేరెందుకు బావా? మనకి బాగా... అంటే, స్కూలుకి బాగా కావలసినావిడ."

"ఎవరి తాలూకు?"

"ఆవిడకో కొడుకున్నాడు. పాపం, ఆవిడ పడుతోంది."

"కొడుకుండీ ఈ వయసులో స్టీరింగు పట్టుకుందంటే ఆ కొడుకు ఎంత చవటో!"

"నేనైతే ఆ మాట అనలేదు."

"నేనంటున్నా. వాడి ఫోను నంబరివ్వు, కడిగేస్తాను."

"బావా, ఇంక ఇంటికెళ్లు. అత్తయ్యగారు ఎదురుచూస్తుంటారు."

"మా అమ్మ ఇంట్లో లేదు. మోకాళ్లకి మంచిదని రోజూ పొద్దున్నే నడకకి పోతోంది. ఈ మధ్య నడక బాగా ఎక్కువైంది."

"అవునవును. నడక మంచిదే."

"నీకెందుకు చెమట పడుతోంది?"

"ఫ్యాను తిరగట్లేదు."

"నా నెత్తిన తిరుగుతోందిగా, గాలొస్తోంది. నువ్వేదో దాస్తున్నావు. ఉండు, సౌండు పెడతాను. ఆవిడ కూడా ఏదో అన్నట్టుంది. నేను అరుస్తుంటే వినపడలేదు."

"సౌండెందుకు బావా! ఇన్నాళ్లూ సౌండు లేకుండానే చూశావుగా?"

"నా అరుపు నాకే చిరాకేసి తీసేశాను. చెయ్యి తియ్యి."

"బావా, వద్దు. నా మాట విను."

"చెయ్యి తియ్యిరా! ఇదిగో, ఫోన్లో సౌండొస్తోంది."

"...కారెందుకే ముసలిదానా! కళ్లు కనపడవా!"

"ఒరేయ్ బుడ్డోడా, ముందా హారన్ మీంచి చెయ్యి తియ్యరా, చెవులు పోతున్నాయి."

"బావా?"

"ఫోను నువ్వు పట్టుకో. మళ్లీ పెట్టు."

"వద్దులే బావా."

"పెట్టమన్నానా?"

"ఒరేయ్ బుడ్డోడా, ముందా హారన్ మీంచి..."

"చాలు. ఆపు."

"ఆపాను."

"బుడ్డోడా అని నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే."

"ఆవిడే."

"అమ్మ కారు తోలడమేంట్రా! మొన్నటిదాకా లిఫ్టు ఎక్కాలంటే భయపడేది."

"ఇప్పుడు రివర్సులో, టెస్టు కోసం పెట్టిన డ్రమ్ముల మధ్య దారం పట్టినట్టు తీస్తోంది. నాకే అలా రాదు."

"నేనన్న మాటలన్నీ వింది."

"అన్నీ."

"ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ అనలేదే. అన్నం పెట్టింది. మజ్జిగ కూడా పోసింది."

"నువ్వన్నదానికి ఆవిడేం బాధపడలేదు బావా. దారంతా నవ్వుతూనే ఉంది, వీడి నోరు వాళ్ల నాన్న నోరే అని. కారు ఇక్కడికి తెచ్చి ఆపాక మాత్రం కాసేపు దిగలేదు."

"ఎందుకు?"

"వద్దులే."

"ఎందుకురా?"

"వచ్చే నెల్లో పెట్టుకున్న టెస్టు ఇవాళ్టికి మార్పించమంది. 'ఎదురుగా నేనున్నా నా కొడుక్కి కనపడలేదురా. వాడు ఆపరేషనుకి ఒప్పుకోవాలంటే తీసుకెళ్లేవాళ్లుండాలి. తొందరగా లైసెన్సు తెప్పించు' అంది."

"ఆ ఫోనిలా ఇవ్వు."

"బావా, అదిగో, కారొచ్చింది. ఆవిడే. వీడియో..."

"ఏ వీడియో? చెరిపేశాను. నువ్వు పద, టెస్టుకి ఆలస్యమవుతుంది. ఇన్‌స్పెక్టరు మా అమ్మ మీద గొంతు పెంచాడంటే నాకు ఫోన్ చెయ్యి. ఇంకో మాట. ఆ వీడియో గురించి నువ్వడిగినా, అమ్మ అడిగినా, నేను చచ్చేదాకా నోరు విప్పను."