మద్దిలేటి పంచె మీది మంచు

గిడ్డక్కని ఒకామె ఉండేదంట. మనిషి పొట్టి, చేతులు మాత్రం గట్టివి. నల్లరేగడి ఊరు వాళ్ళది, ఊరందరి బట్టలూ ఆమే ఉతికేది. మొగుడు మద్దిలేటి గాడిద మీద మూటలేసుకొని వంకకు తోలేది, మళ్ళా ఇంటికి తోలుకొచ్చేది. ఒకసారి చలికాలంలో ఏమైందంటే, పొద్దుగూకినా బట్టలు ఆరలేదంట. మబ్బు కమ్మింది, ఎండ లేదు. సరేలే అని పక్కనున్న రెడ్డి శనగచేలో, మొక్కల మీదనే పరిచేసి ఇంటికి పోయింది. పొద్దున పోయి చూస్తే ఏముంది, చేనంతా తెల్లగా మంచు, బట్టలన్నీ ముద్దముద్ద. ఒక కోక తీసి పిండితే చెంబుడు నీళ్ళు కారినాయి. వేలు నాకి చూస్తే పులుపు! శనగాకు పులుపు మీకు తెలుసు గదా, ఆ చేలో ఉత్తకాళ్ళతో నడిస్తే చుర్రుమంటాయి. ఆ పులుపంతా మంచులో కలిసి బట్టలోకి దిగింది. ఆమెకు రెండు దినాలుగా కడుపునొప్పి. గుక్కెడు తాగింది, నొప్పి పోయింది. బట్టలు మళ్ళా వంకలో జాడించి ఎవరివి వాళ్ళకిచ్చేసింది గానీ, ఆ సాయంత్రం చెయ్యి ఊరకుండలేదు. మళ్ళా పోయి ఆనాడు ఉతికిన బట్టలు పరిచింది. రెడ్డి కూడా, మొక్క విరక్కుండా పరుచుకో పోమ్మా అన్నాడంట.

మొదట్లో కడుపునొప్పికే తాగేవాళ్ళు అనుకో. అజీర్ణమొచ్చినోళ్ళు రావడం, చెంబు చాపడం, చేటలో ఇన్ని జొన్నలో ఒక బెల్లంముక్కో పెట్టిపోవడం. ఆ తరువాత తెలిసింది సంగతి. ఎవరి బట్ట పిండిన నీళ్ళు తాగి పడుకుంటే వాళ్ళ కల వస్తుందంట! ఎట్లా అంటారా? బట్ట చేలో ఉన్నా మనిషి వాసన దాన్ని వదలదు గదా. మనిషి ఇంట్లో పడుకొని కల కంటే, ఆ కల తన వాసన వెతుక్కుంటా గోడలు దాటి, దిబ్బలు దాటి, చేలోకి పోయి ఆ బట్ట మీద వాలుతుందంట. దాని మీద మంచు కురుస్తుంది. అంతే. రెడ్డిగారి పెండ్లాం కోక నీళ్ళు తాగితే కలలో పెద్ద బాట, బాటకు రెండు పక్కలా తెల్లటి జొన్నచేలు, దాని మీద ఒక్క మనిషే, పిలిచేవాళ్ళు లేరు, పని చెప్పేవాళ్ళు లేరు, పోతానే ఉండటం. ఊళ్ళో ఆడోళ్ళంతా ఆ చెంబు కోసమే ఎగబడేది. కంసాలి ఓబయ్య పంచె నీళ్ళు తాగితే ఏనుగుమీద తిరగొచ్చు, కాకపోతే ఏనుగు మాటిమాటికీ ఆగి ఊరోళ్ళని తిడతాది, ఓబయ్య నోరు అట్లాంటిది. పసిబిడ్డల గుడ్డల నీళ్ళలో ఏమీ ఉండదు, ఒట్టి వెలుతురు. ముసిలోళ్ళు అది అడిగి అడిగి తాగేవాళ్ళంట.

అన్నీ అమ్మేది గానీ, ఒక్కటి మాత్రం గిడ్డక్క ఎవరికీ ఇచ్చేది కాదు. మొగుని పంచె. ఎందుకంటే, మద్దిలేటి మాట్లాడే మనిషి కాదు. కోపం లేదు, మూగా కాదు, ఆ వంశమే అంత. కూడు బాగుందా అంటే ఊ. జ్వరమొచ్చిందా అంటే ఊ. పెండ్లయిన కాడినుంచి ఆమె విన్నది ఆ ఊ ఒకటే అనుకో. అట్లాంటి మనిషి పంచె నీళ్ళు ఒకనాడు తాగి పడుకుంటే, అమ్మా, ఏం మాటలు! కలలో వంక ఒడ్డున కూర్చోని, "ఏమే గిడ్డా, ఇట్లా రావే, నీకొకటి చెప్పాల" అంటాడంట. గాడిద చేసే తిక్క చేష్టలు చెప్తాడు, నీళ్ళలో మబ్బులు ఏ దిక్కుకు పోతాయో చెప్తాడు, "మొదటిసారి నిన్ను చూసినపుడు నువ్వు మూట నెత్తిన పెట్టుకొని నన్ను కసిరినావు, నాకు నవ్వొచ్చింది, చెప్పలేదు" అంటాడు. వంక నీళ్ళు పైకి పారతా ఉంటాయి, చేపలు గట్టెక్కి వింటా ఉంటాయి. పొద్దున లేచి, "ఏమయ్యా, నిద్ర పట్టిందా" అంటే, "ఊ". ఆమె చెప్పలేదు, ఆయప్ప అడగలేదు. రోజూ సాయంత్రం ఊరి బట్టలకు దూరంగా, మంచు బాగా దిగే పల్లంలో ఆ పంచెను తన చేత్తో పరుచుకునేది. పగలు ఊతో కాపురం, రాత్రి మాటలతో కాపురం.

ఇట్లుండగా రాజుగారు దండోరా వేయించినాడు. ఏమనంటే, ఎవరి అసలు పని వాళ్ళు చేసుకోగా, తీరిక వేళల్లో సరదాకో ఆశకో ఇంకేదన్నా చేసుకొని రాబడి తెచ్చుకుంటే, దాంట్లో ఆరోవంతు సర్కారుకు. ఎవరిది వాళ్ళే చావడికొచ్చి నోటితో ఒప్పుకోవాల. ఒప్పుకుంటే మంచిదే, దాచి బయటపడితే ఆ పనే మాన్పిస్తారు, మళ్ళా జన్మలో ముట్టనీరు. మీరు నవ్వొద్దు, కథలు చెప్పేదానికి కూడా ఉండేదంట సుంకం. మీరు నాకిచ్చే ఆకువక్కలో ఆరోవంతు ఎవరిదో చూసుకోండి మరి.

సుంకం వసూలు చేసే సర్కారు మనిషి, అమీను, వచ్చి చావడిలో కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్రచాలని మొహంతో ఉండేవాడంట. ఊరు ఊరంతా వచ్చింది. తాళ్ళు పేనే మాదన్న, "నేను పేనేది వ్యాపారం కాదు దొరా, కూర్చుంటే చేతులు దురద" అన్నాడు. "ఆ దురదకు సంతలో ఏమిచ్చినారు?" అన్నాడు అమీను. జనం గొల్లుమన్నారు. వడియాలు పెట్టే అవ్వ, "నాయనా, కాకులు తిన్నది తీసేస్తావా" అంటే, "తీసేస్తాను గానీ, కాకిని పిలిపించు" అన్నాడంట. మంచోడే, కాకపోతే వదిలే రకం కాదు.

గిడ్డక్క వంతొచ్చింది. ముందుకొచ్చి, ఫలానా వాళ్ళ కోక, ఫలానా వాళ్ళ పంచె, ఇంత నీళ్ళు దిగుతాయి, ఇన్ని జొన్నలొస్తాయి, అని గడగడా చెప్పేసింది. అమీను అంతా విని, "బాగా చెప్పినావమ్మా. ఆరు చెంబుల్లో ఒకటి సర్కారుది, అది నేను తీసుకుపోతా" అన్నాడు. ఆమె కొంగు దులుపుకొని పోబోతా ఉంటే, "ఉండుండు. పొద్దున నువ్వు బట్టలు పరిచే చేను చూసొచ్చినా. నువ్వు చెప్పినవన్నీ ఉండాయి. పల్లంలో ఒక్క పంచె దూరంగా పరిచుండె. అదెవరిది?" అన్నాడు.

గిడ్డక్క పోబోయేదల్లా ఆగింది. లేదంటే అబద్ధం, పనే పోతుంది, దాంతోపాటు ఆ పంచె నీళ్ళూ పోతాయి. ఉందంటే మొగుడు వింటాడు. వెనకాల గాడిదను పట్టుకొని నిలబడే ఉన్నాడు మద్దిలేటి. తన కలలు పెండ్లాం తాగుతా ఉందని తెలిస్తే ఆ మనిషి కలలో కూడా నోరు మూసుకుంటాడేమో! అది ఆమె భయం.

"నా మొగునిది సామీ" అంది మెల్లగా.

"అమ్మినావా?"

"లేదు."

"మరేం చేసినావు?"

"తాగినా."

"కడుపునొప్పికా?"

"కాదు సామీ. మాట్లాడతాడు."

చావడిలో నవ్వులు లేచినాయి. "మద్దిలేటా? మాట్లాడేదా?" అని ఓబయ్య తొడ చరుచుకున్నాడంట. అమీను నవ్వలేదు. "అమ్మినా, ఇంట్లో వాడుకున్నా, రాబడి రాబడే తల్లీ. దాంట్లోనూ ఆరోవంతు ఇయ్యాల" అన్నాడు. గిడ్డక్క, "మిగతావన్నీ పూర్తిగా తీసుకో దొరా, అందరి కలలూ తీసుకో. ఇది మాత్రం వదిలేయ్. ఆ మాటలు నాకు చెప్పినవి. నువ్వు తాగి ఏం చేసుకుంటావు?" అంది. "నేనేం చేసుకుంటానమ్మా, కచేరీలో అప్పజెప్తాను. అక్కడ ఎవరు తాగుతారో నాకు తెలియదు" అన్నాడు. ఎవడో ముక్కూమొహం తెలియనోడు, వంక ఒడ్డున, ఏమే గిడ్డా అనే పిలుపు వింటాడని తలుచుకుంటే ఆమెకు ఒళ్ళంతా శనగాకు రాసుకున్నట్టు చుర్రుమన్నది.

అప్పుడు వెనకనుంచి, "ఆగు" అని వినిపించింది. ఎవరా అని అందరూ తిరిగినారు. గాడిద కూడా చెవులు నిక్కించి చూసిందంట, అదెప్పుడు విన్నది ఆ గొంతు! మద్దిలేటి గాడిదతో సహా జనాన్ని తోసుకుంటా ముందుకొచ్చినాడు. "ఆ పంచె ఆమె పరచలేదు. నేను పరచినా. నా పంచె, నా కల, నేనే పరిచి నా పెండ్లానికిచ్చుకున్నా. మొగుడు పెండ్లానికిచ్చుకునేదాంట్లో సర్కారుకు వంతుందా?" అన్నాడు. అన్ని మాటలు ఒక్కసారిగా వచ్చేసరికి ఆయాసం వచ్చి, గాడిద మెడ మీద చెయ్యేసుకొని నిలబడినాడు. బయట మంచు కరిగి చూరు నుంచి కారే చప్పుడు వినిపిస్తా ఉందంట.

అమీను గడ్డం గోక్కున్నాడు. "లేదు. ఇంట్లోవాళ్ళు ప్రేమతో ఇచ్చుకునేది రాబడి కాదు. దానికి సుంకం లేదు" అన్నాడు. మళ్ళా గిడ్డక్క వైపు తిరిగి, "నిజమేనామ్మా, ఈయనే పరచినాడా?" అని అడిగినాడు. ఆమె మొగుని వైపు చూసింది. మద్దిలేటి నేల చూస్తా ఉన్నాడు. గడగడా మాట్లాడే ఆడమనిషి, ఊరందరి లెక్కా నోటి చివర పెట్టుకున్న మనిషి, ఏమనిందనుకున్నారు?

"ఊ" అనింది.

అమీను సరే పో అన్నాడు, సర్కారు చెంబు చంకన పెట్టుకొని ఆయన దారిన ఆయన పోయినాడు. దాంట్లో రెడ్డిగారి పెండ్లాం బాట ఉండేదో, ఓబయ్య ఏనుగుండేదో మనకు తెలియదు గానీ, ఆ తరువాత శానా దినాలు కచేరీ తలుపు తెరుచుకోలేదంట, కొట్టినా ఎవరూ లేయలేదంట.

వీళ్ళిద్దరూ ఇంటికొచ్చినారు. సాయంత్రమైంది, చేల మీద పొగలాగా మంచు దిగతా ఉంది, గిడ్డక్క అలవాటుగా పంచె కోసం దండెం వైపు పోతే, అది లేదు. చూస్తే మద్దిలేటి దాన్ని భుజాన వేసుకొని పోతా ఉన్నాడు. "యాడికయ్యా?" అంటే, "చావడిలో చెప్పినాను గదా" అన్నాడు. చేలోకి దిగినాడు, కాళ్ళు చురుక్కుమంటే ఎగిరినాడు, పంచెను మడతల మీదనే పరిచినాడు. ఈమె గట్టు మీద కూర్చోని ఒకటే నవ్వు. "అట్ల కాదయ్యా, ఆకుకు ఆనేట్టు పరచాల. అంచు లాగు. అటుపక్క. ఆ!" ఆయప్ప వంగి, లాగి, సరిచేసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మరుసటి దినం పిండిన నీళ్ళు తాగి పడుకుంటే, కలలో వంక ఉంది, మబ్బులున్నాయి, మద్దిలేటి ఉన్నాడు, కానీ ఏమీ మాట్లాడలేదంట. ఊరకే పక్కన కూర్చున్నాడు. ఈమే మాట్లాడింది, తెల్లారేదాకా.

ఆ చావడిలో ఆనాడు ఎంతమంది ఎన్ని అబద్ధాలు చెప్పి వచ్చినారో ఎవరికి తెలుసు. చెప్పిన అబద్ధాన్ని ఇంటికి పోయి నిజం చేసుకున్నోడు మాత్రం ఆయప్ప ఒక్కడే అంట. దానికి సుంకం ఎంతో అమీను చెప్పలేదు, మనమూ అడగొద్దు.