లింగస్వామికి రెండు సన్మానాలు

ఏం అభిలాషూ, మోకాలికి ఆ నల్ల పట్టి ఏంది? బూట్లేసుకున్నవ్, సాక్సులు పైదాంక గుంజుకున్నవ్, ఎటు సవారి? టర్ఫుకా? పైసలు కట్టి, వలల నడుమ, లైట్ల కింద బంతాట. ఆడుండ్రి, ఆడుండ్రి. జర కూసో, మీ దోస్తులు ఎన్నడన్న చెప్పిన టైముకు ఒచ్చిన్రా? కూసో అంటున్న. నొప్పి ఉన్నదంటవు, మల్ల పట్టి కట్టుకొని ఆడుతనంటవు. మోకాలంటే నీకేం ఎరుక బిడ్డా? నన్నడుగు. నేనేం డాక్టర్ను గాను, హయత్‌నగర్ డిపోల టికెట్లు కొట్టి రిటైరైనోన్ని. కానీ ఇప్పుడు నువ్వు కిరాయికుంటున్న పై పోర్షన్ ఉన్నది సూడు, గండ్లనే ఒక మోకాలును పసిపిల్లను సాకినట్టు సాకిన్రు. లింగస్వామి మోకాలు. ఇన్నవా ఆ పేరు? ఇనవు. ఫోన్ల కొట్టకు, దొరకదు. మీరంత యాడనో విదేశపోల్ల పేర్లు అంగి ఎనుక రాసుకొని తిరుగుతరు, మన గల్లీల ఆడినోడు మీకెందుకు తెలుస్తడు. కరోనకు ముందటి ముచ్చట ఇది.

వాళ్ళది నకిరేకల్ దిక్కు పల్లె, ఈడ మా పై పోర్షన్ల కిరాయికుండేటోల్లు. నాయిన అంతయ్య విజయవాడ రోడ్డు మీద లారీ తోలేటోడు, ఇంట్ల కంటె సీట్లనే ఎక్కువ పండేటోడు. తల్లి అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్ల పూలమ్మేది. దండ కట్టుడంటే గామెనే కట్టాలె. బంతిపూలు, చామంతులు, నడుమ గులాబి, ఎంత దూరం మోసుకపోయినా ఒక్క రేక రాలదు. పిలగానికి తాత పేరు పెట్టిన్రు. బడిల అందరు సాయితేజలు, వంశీకృష్ణలు, వాళ్ళ నడుమ మనోడు లింగస్వామి. హాజరు పిలుస్తుంటె సారుకే నవ్వొచ్చేదంట. పేరొక్కటే గాదు, వానిదంత ఉల్టనే. ఊరంత క్రికెట్ ఆడుతుంటె వీడు ఫుట్‌బాల్. అందరిది కుడికాలు, వీనిది ఎడమకాలు. తల్లి పూలబుట్టల నుంచి నిమ్మకాయ కిందపడితే చేత్తోని తియ్యడు, ఎడమకాలితోని లేపి, మోకాలి మీద ఆడిచ్చి, మల్ల బుట్టలనే ఏస్తడు. 'అరె, దేవునికి పొయ్యే కాయరా, కాలితోని తంతవా' అని ఆమె ఒకటే తిట్టుడు. వాడు ఇంటే గద. చంపాపేట్ దిక్కు అప్పట్ల ఖాళీ ప్లాట్లుండె, ఆడ రాళ్ళు పెట్టి గోల్ అనుకొని ఆడుకుంట ఆడుకుంట జిల్లా దాటిండు, స్టేట్ టీముల పడ్డడు. యాడనో టోర్నమెంట్ల కలకత్తా క్లబ్బు కోచ్ చూసిండు, బెంగాలీ సారు. ఆయనకు ఆట నచ్చింది. 'రా, మా దగ్గర ఆడు' అన్నడు. ఇంటర్ సుత సక్కగ పాస్ గాని పోరనికి కలకత్తాల ఆట, జీతం, ఉండనీకె రూము. మంచి వార్తనే గదా? గా మంచి వార్తనే కొంప ముంచింది. పొయ్యి దశరథ చెవుల పడ్డది.

దశరథ ఎవలంటవా? మన కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటయ్యా, అప్పుడు ఆయననే, ఇప్పుడు ఆయననే. ఈ ఇండ్లు లేనప్పుడు ఇదంత వాళ్ళ తాతల జొన్నచేను. చేను పోయి ప్లాట్లయినయి, ప్లాట్లు పోయి పైసలయినయి, పైసలున్నోనికి ఇగ కావాల్సింది ఒక్కటే, శాలువ. కప్పుడన్న కావాలె, కప్పిచ్చుకునుడన్న కావాలె. ఎవ్వరు దొరకకపోతే తొవ్వంట పోయేటోన్ని ఆపి సన్మానం చేస్తడు. నేను రిటైరైనప్పుడు నాకు సుత కప్పిండు, చలికాలం గద, అక్కరకొచ్చింది. గసొంటాయనకు కలకత్తా పోయేటోడు దొరికితే ఊకుంటడా? దసరా ముంగట చౌరస్త కాడ టెంటు, డీజే, ఇంత పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీల దశరథ తలకాయ లారీ టైరంత, లింగస్వామి కింద మూలకు, పోస్టు స్టాంపంత. టెంట్‌హౌసోడు డ్రమ్ముల మీద పలకలు పరిచి స్టేజీ కట్టిండు, చెప్పనే చెప్పిండు, 'అన్నా, ఎక్కువ మంది ఎక్కొద్దు, ఆగది' అని. మనోల్లు ఇంటరా? ఫొటో అనంగనే ఒక్కొక్కడు లేషిండు. కమిటీ ఎక్కింది, మహిళా కమిటీ ఎక్కింది, యూత్ ఎక్కిన్రు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ ఎక్కిండు, పాలు కొనుక్కపోతున్నాయన ఎవలో ప్యాకెట్లతోని సహా ఎక్కిండు. నేను సుత ఎక్కబోతుంటి, మా ఇంటామె కృష్ణకుమారి అంగి పట్టి గుంజింది, 'నీ మొఖం లేకపోతే ఆ ఫొటో కడగరా' అని. ఫొటోగ్రాఫర్ 'జర దగ్గరికి, ఇంక జర దగ్గరికి' అన్నడు. జరిగిన్రు. ఫటేల్‌మని నడిమి పలక ఇరిగింది. అందరు పడ్డరు, అందరు లేషిన్రు, దుమ్ము దులుపుకున్నరు. లింగస్వామి ఎడమకాలు మాత్రం రెండు పలకల నడుమ ఇరికింది, దాని మీద దశరథ పడ్డడు. పెద్దమనిషి గద, పెద్దగనే పడ్డడు.

మోకాలి లోపట పట్టీ లెక్క ఒకటి ఉంటదంట, లిగమెంటు, గది తెగింది. ఆపరేషన్ చేపిచ్చిన్రు. ఖర్చు సంగతి అడగకు, ఊర్ల ఉన్న చెలక భూమి పోయింది. కలకత్తా సారుకు ఫోన్ చేస్తే ఆయన మంచోడే, 'తుమ్ ఠీక్ హోకే ఆవో, బారిష్ తక్ తుమ్హారా జగా హమ్ రఖేగా' అన్నడంట. వానలు మొదలయ్యేటాల్లకు మోకాలు బాగు చేసుకొనొస్తే జాగ నీదే అని. గంతే, ఆ మాట పట్టుకొని మంచం మీద పన్నడు పిలగాడు. ఇగ పలకరింపులు షురూ. మనోల్లకు ఒకని కాలు ఇరిగిందంటె పండుగ గద. బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకొని మెట్లెక్కుడు, మంచం మీద కూసునుడు, కట్టు మీద ఏలు పెట్టి నొక్కుడు. 'ఈడ నొస్తుందా బిడ్డా? మరి ఈడ?' ఒకామె అయితే వాళ్ళ మరిదికి గిట్లనే అయ్యి ఆఖరికి కాలు తీసేసిన్రని, ఆ ముచ్చట మొత్తం చెప్పి, చాయ తాగి, 'ధైర్యంగ ఉండు నాయినా' అని పోయింది. కసరత్తు చేపియ్యనీకె సంధ్యారాణి అని ఫిజియో పిల్ల ఒచ్చేది, గుంటూరు దిక్కామె. పాపం మొత్తుకునేది, 'ఏవండీ, అలా నొక్కకూడదండీ, లోపల కుట్లున్నాయండీ' అని. 'నువ్వు నిన్న మొన్నటి పిల్లవు, మేమెన్ని కాళ్ళు చూసినం' అని మనోల్లు. దశరథ సుత ఒచ్చిండు. ఊకె ఒస్తడా, ఫొటోగ్రాఫర్‌తోని ఒచ్చిండు. కిందికి దిగినంక నా ముంగటనే అంటుండు, 'అయినా ఆ పోరనికి మోకాలు ముందుగాలనే ఖరాబుండె, మన స్టేజీ మీద బయటపడ్డది, గంతే' అని. కొన్ని దినాలకు కాలనీ అంత అదే మాట. స్టేజీ పాపం మంచిదేనంట, వాని మోకాలే పొయ్యి స్టేజీని ఇరగ్గొట్టిందంట.

పిలగాడు మాత్రం ఎవ్వల్ని ఒక్క మాట అనలే. అంటే బాగుండునని ఇప్పటికి అనిపిస్తది నాకు. పొద్దుగాల, మాపటీలి, కాలుకు ఇసుక సంచి కట్టుకొని లేపుడు దించుడు. కింద నేను అన్నం తింటుంటె పైన దబ్, దబ్, సున్నం రాలి నా చారుల పడేది. ఒకనాడు తిడదామనే పైకి పోయిన. తలుపు దగ్గరికేసి ఉన్నది. వాడు పండ్లు గట్టిగ పట్టి, కండ్ల నీళ్ళు కారుతుంటె కాలు లేపుతున్నడు. నన్ను చూసి 'చప్పుడైతుందా తాతా' అన్నడు. 'లే బిడ్డా, చాయ తాగుతవేమో అడుగుదమని ఒచ్చిన' అన్న. ఏం జేస్తం, ఆ ఏడు చారు సున్నంతోనే తిన్న. ఎండాకాలం అయిపోయేటాల్లకు నడిచిండు, ఉరికిండు, మెట్లెక్కుతుంటె ఆ కాలే ముందటేసేటోడు. 'ఇంక భయం లేదండీ, మిగతాది కలకత్తా వెళ్ళాక అక్కడే చేయిస్తారు' అన్నది సంధ్యారాణి. రైలు టికెట్ సుత తీసిన్రు. అండాలమ్మ ఎవల్ని చూసినా నవ్వుడే.

గప్పుడు మల్ల దిగిండు దశరథ. కార్పొరేటర్ టికెట్ కోసం తిరుగుతున్నడు అప్పట్ల, వీడ్కోలు సన్మానం అన్నడు. లింగస్వామి చేతులు జోడిచ్చి 'అన్నా, మీకు దండం పెడ్త, నేను స్టేజీ ఎక్క' అన్నడు. నారాజైండా దశరథ? కాలే. 'నువ్వు రెస్ట్ తీసుకో తమ్మీ, నువ్వు లేకున్నా నడుస్తది, ఫొటో ఉన్నది' అన్నడు. సూడు, సన్మానానికి మనిషి అక్కర లేదు. అండాలమ్మకు పెద్ద దండ చెప్పిన్రు. కొడుకు మెడల పడకపోయినా కొడుకు పేరు మీద కడుతున్న గద అని ఆమె పైసలు సుత తీసుకోలే, నిమ్మలంగ కూసొని మనిషెత్తు దండ కట్టింది. సభ ఫంక్షన్ హాల్ల. ఈ పారి స్టేజీ గట్టిదే, సిమెంటుది. నడుమ కుర్చీ, కుర్చీల లింగస్వామి ఫొటో, ఫ్రేం కట్టిచ్చి. ఫొటోకు ఆ దండ. సభ అంటే జ్యోతి ఎలిగియ్యాలె గద, ఆ దీపపు కుందె తెచ్చి ఫొటో పక్కనే పెట్టిన్రు. వాసన మంచిగుంటదని ఎవలో అగర్‌బత్తీలు సుత ముట్టిచ్చిన్రు. ఎనుక దశరథ, కమిటీ, అందరు చేతులు కట్టుకొని, తలకాయలు జర వంచి నిల్సున్నరు. ఫొటో తీసిన్రు. నేను ముందటి వరుసల కూసోని చూస్తున్న, ఏందో తేడ కొడుతున్నది, ఏందో సమజైతలేదు. అండాలమ్మకు సమజైంది. ఎనుక నుంచి గావుకేక పెట్టి ఉరికొచ్చింది. 'నా కొడుకు బతికుండంగ ఫొటోకు దండేస్తర్రా' అని స్టేజెక్కి, తన చేతులతోని కట్టిన దండ తనే తెంపి పారేసింది. 'అమ్మను జర కూసోబెట్టుండ్రి, ఎమోషనల్ అయింది' అని దశరథ మైకుల చెప్పిండు. జనం చప్పట్లు కొట్టిన్రు.

దండ తెగింది గానీ ఫొటో అప్పటికే పోయింది, వాట్సాప్‌ల. యూత్ గ్రూపుల ముందుగాల 'కంగ్రాట్స్' అనే పెట్టిన్రు. కింద ఎవడో, చదివేటోడు గాదు, బొమ్మ చూసేటోడు, ఓం శాంతి అని పెట్టిండు. ఒకడు పెడితే ఇగ ఆగుతరా? చేతులు జోడిచ్చే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు, 'మంచి ఆటగాన్ని కోల్పోయినం', 'నిన్ననే మాట్లాడిన, నమ్మబుద్ధి అయితలేదు'. నమ్మబుద్ధి కానోడు ఒక ఫోన్ కొడితే ఏం పోయే? కొట్టలే. తెల్లారేటాల్లకు ఊరి నుంచి ట్రాలీ ఆటో నిండ చుట్టాలు. మేనత్త సోమమ్మ గల్లీ మొదట్ల నుంచే రాగం తీసుకుంట, గుండెలు కొట్టుకుంట ఒచ్చి తలుపు మీద పడ్డది. తలుపు తీసింది ఎవలు? లింగస్వామి, నోట్ల బ్రష్షు పెట్టుకొని. ఆమె ఆడనే కూలబడ్డది. ఎంత నవ్వినమంటవు! వాడు సుత నవ్విండు. అందరికి చాయలు పోసిన్రు.

మధ్యాన్నం కలకత్తాకు ఫోన్ చేసిండు, నా ముంగటనే, గీ అరుగు మీదనే కూసొని, ఎల్లుండి బయలెల్లుతున్న అని చెప్పనీకె. అవుతల సారు ఒక్కతీరు ఏడుస్తుండు. ఆడికి సుత చేరింది ఆ ఫొటో. పొద్దుగాల గ్రౌండ్ల ఆటగాల్లంత వరుసగ నిలబడి మనోని కోసం రెండు నిమిషాలు మౌనం పాటిచ్చిన్రంట. 'మై జిందా హూ సర్, జిందా హూ' అని, బతికే ఉన్న అని, వీడు అదే మాట మల్ల మల్ల. సారు సంబురపడ్డడు, దేవునికి మొక్కిండు, అంత అయినంక నిమ్మలంగ చెప్పిండు. టీము పేర్లు పంపేటి ఆఖరు దినం అదేనంట. క్లబ్బోల్లు పొద్దుగాలనే లింగస్వామి పేరు కొట్టేసి ఇంకో పిలగాని పేరు పంపిన్రు, ఇగ మార్చరాదంట, 'అగ్లే సాల్ ఆవో బేటా' అన్నడు. ఏంది, వాళ్ళు ముందుగాల ఒక ఫోన్ చెయ్యకపోయిన్రా అంటవా? సచ్చినోనికి ఎవలు ఫోన్ చేస్తరు బిడ్డా?

వచ్చే ఏడంట, వచ్చే ఏడు. యాడాది ఆడనోన్ని, అండ్ల మోకాలు కోసినోన్ని, ఎవలు యాదుంచుకుంటరు? ఆ సారు సుత క్లబ్బు ఇడిసిపెట్టిపోయిండు. ఇంకెవ్వలు పిలవలే. కాలు బాగనే ఉండె, నాకు తెలుసు, మెట్లెక్కుడు చూస్తుంటి గద. బంతి దగ్గరికి పోతే మాత్రం జర ఎనుకనే ఆగిపోయేటోడు, భయమో కోపమో నాకు తెల్వదు. కొన్ని దినాలు బండి మీద పార్సిళ్ళు తిప్పిండు. ఒకనాడు తల్లికి చెప్పి బ్యాగు తీసుకొని పోయిండు. ఎప్పుడన్న ఫోన్ చేస్తడంట, యాడున్నవంటే చెప్పడంట. వాళ్ళు సుత ఇల్లు ఖాళీ చేసి పెద్ద అంబర్‌పేట్ పోయిన్రు. అండాలమ్మ ఇప్పటికి దిల్‌సుఖ్‌నగర్లనే కూసుంటది. విడిపూలే అమ్ముతది, దండ కట్టదు. దశరథకు టికెట్ రాలే, ఆ ఒక్క పని సక్కగ చేసిండు దేవుడు.

పోయినేడు మా అల్లుడు సాయినాథ్ పని మీద నాగపూర్ పోయిండు. ఆడ ఒక బడి గ్రౌండ్ల ఎవలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుండంట, మెడల విజిల్, కొట్టుడేమో ఎడమకాలు. మావోనికి అనుమానమొచ్చి గేటు కాడికి పోయిండు. తెలుగులనే అడిగిండు, 'ఏమయ్యా, నువ్వు ఎల్‌బీ నగర్ లింగస్వామివి గాదూ?' అని.  వాడు నవ్విండంట. 'ఆ పిలగాడు పోయిండు గదన్నా, మీరు ఫొటో చూడలేదా?' అని, విజిల్ ఊదుకుంట పిల్లల దిక్కు ఉరికిండంట.

 మొన్న బస్టాప్ల అండాలమ్మ కనవడ్డది. మీ పిలగాడు మంచిగున్నడంట, పిల్లలకు ఆట నేర్పుతుండంట అని చెప్పిన. 'బక్కగైండంటనా' అని అడిగింది. లే, మంచిగనే ఉన్నడంట అన్న. ఆ మాట మాత్రం చెప్పలే. కన్నతల్లికి ఎట్ల…

ఏయ్ కూరగాయలు! ఆగు, ఆగవయ్యా! మైకు పెట్టుకొని తోలుకపోతనే ఉంటివి, మా కేక నీకెట్ల ఇనవడ్తది? గోంగూర ఉన్నదా?