ఎవరికి తెలిసింది?

2009 ఎన్నికలకు వారం ముందు, నోయిడాలో ఒక తెలుగు పత్రిక ఢిల్లీ ఆఫీసు. సాయంత్రం అద్దాల గదిలోకి రిపోర్టరును పిలిచి, బ్యూరో చీఫ్ ఒక అభ్యర్థి గురించిన వార్త ఉన్న కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె నిలబడే చదివింది.

“ఈయనకి కేంద్రంలో మంత్రి పదవి ఖాయమని ‘తెలిసింది’ అని ఉంది. ఎవరికి తెలిసింది సార్?”

“మనకి.”

“నాకైతే తెలీదు. రోజూ పార్టీ ఆఫీసుకి వెళ్తున్నాను, ఈయన పేరు ఒక్కరూ ఎత్తలేదు.”

“హైదరాబాద్ నుంచి వచ్చిందమ్మా. యాడ్స్ వాళ్లు రాయించారు. నువ్వు పంపిన వార్తలా వేస్తారు.”

“అచ్ఛా. అయితే యాడ్ అనే వేయమనండి.”

“యాడ్‌ని ఎవడు నమ్ముతాడు?”

“పోనీ నా పేరు తీసేయండి. ‘మా ప్రతినిధి’ అని పెట్టండి.”

“ఆయన అడిగిందే నీ పేరు. ఆ అమ్మాయి రాస్తే జనం నమ్ముతారన్నాడట.”

“‘తెలిసింది’ అని రాసేముందు, చెప్పినవాడి పేరు నోట్‌బుక్‌లో ఉండాలని నేర్పింది మీరే కదా సార్!”

“అందుకేగా నమ్ముతున్నారు.”

“మీరు కాదనలేదా?”

“పోయినసారి కాదన్నవాడి కుర్చీలోనే కదమ్మా నేను కూర్చున్నది.”

“నేను రాయనంటే?”

“రాయక్కర్లేదు. ఎన్నికల పేజీ మధ్యాహ్నమే ప్రెస్సుకి వెళ్లిపోయింది.”

“మరి నన్నెందుకు పిలిచారు?”

“నువ్వేం రాశావో రేపు పేపర్లో చూసి తెలుసుకుంటే బాగుండదని.”